ఏడడుగుల మొద్దు

బొమ్మ మీద కప్పిన తెల్లగుడ్డ లాగేయగానే బడి హాల్లో ఉన్నవాళ్ళందరూ "అబ్బ!" అన్నారు. ఇత్సు అవ్వ మాత్రం "ఛీ!" అంది.

మెల్లగానే అంది. కానీ ఆవిడ గొంతు సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. మెల్లగా అన్న మాట కూడా నాలుగు వరసలు దాటి వెళ్తుంది. ముందు కూర్చున్న ఊరిపెద్ద మనబె తొకుజో మెడ తిప్పి చూశాడు. పక్కనే ఉన్న నుయి, "పెద్దమ్మా, ఇవాళొక్కరోజు ఊరుకో" అని ఆవిడ మోచెయ్యి గిల్లింది.

జపాను దక్షిణాన ఉన్న సానుకి నుంచి పధ్నాలుగు కుటుంబాలు సముద్రం దాటి ఈ ఉత్తరపు లోయలో దిగి ఆ ఏటికి ముప్పై ఏళ్ళు. ఊరికి పేరు పెట్టిన మార్చి పదో తారీకే ఊరి పుట్టినరోజు. ఈసారి ఘనంగా చెయ్యాలని తొకుజో పట్టుబట్టి, సప్పొరో పట్నం నుంచి కురోసె అనే చిత్రకారుణ్ణి పిలిపించి, 'మొదటి చలికాలం' అని గోడంత బొమ్మ వేయించాడు. పండగ ఇంకా పది రోజులుందనగా అది మంచుబండి మీద దిగింది. ఆ చలికాలాన్ని పెద్ద వయసులో కళ్ళారా చూసినవాళ్ళు ఊళ్ళో నలుగురు ముసలమ్మలే మిగిలారు కాబట్టి, ముందు వాళ్ళకి చూపించడం మర్యాద అన్నారు. మర్యాదట! మర్యాద తెలిసినవాడు బొమ్మ వేసే ముందు అడుగుతాడు గానీ, వేసేశాక చూపిస్తాడా?

బొమ్మ మధ్యలో తొకుజో తండ్రి, కీర్తిశేషుడు గిసుకె, నిలువెత్తున ఉన్నాడు. నరికిన మొద్దు మీద ఒక కాలు పెట్టి, గొడ్డలి ఆకాశానికెత్తి, గడ్డం మీద ఎండ పడుతుంటే వీరుడిలా నిలబడ్డాడు. వెనకాల ఆరుగురు మగవాళ్ళు, ఆరు గొడ్డళ్ళు. మంచు చీలమండల దాకా ఉంది, అంతే. ఓ మూల గుడిసె, తెరిచిన తలుపు. లోపల పొయ్యి పక్కన బొంతలో ముడుచుకుని ఒక ఆడది పడుకుంటే, ఇంకో ఆడది ఆమె నోట్లో గంజి పోస్తోంది.

ఇత్సు అవ్వ చూపు ముందు ఆ మొద్దు దగ్గర ఆగిపోయింది. మోకాలెత్తు కూడా లేదది.

"కురోసె గారూ," అంది కూర్చున్నచోటి నుంచే. "ఆ మొద్దు ఎవరు నరికారండీ?"

కురోసె సన్నటి మనిషి. మెడకి ఎర్ర ఉన్ని గుడ్డ చుట్టుకున్నాడు. "గిసుకె గారేనమ్మా" అన్నాడు నవ్వుతూ.

"మంచెంత లోతో?"

"ఒక అడుగుంటుందేమో."

"అడుగే!" అంది ఇత్సు అవ్వ. మిగతా ముగ్గురు ముసలమ్మలూ చేతిగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వారు. కురోసెకి ఆ నవ్వు అర్థం కాలేదు. తొకుజోకి అర్థమైంది. గబగబా లేచి వచ్చి నుయి ముందు నిలబడ్డాడు.

"నుయీ, ఇలా చూడమ్మా. ఆ బొంతలో పడుకున్నది ఎవరో తెలుసా? మీ అమ్మ. మా తకె అత్త. పాపం జబ్బు చేసి పోయింది కదా, ఊరు ఆమెని మర్చిపోకూడదని నేనే కురోసె గారితో చెప్పి పెట్టించాను. గంజి పోస్తున్నది మీ పెద్దమ్మే."

నుయికి ముప్పైమూడేళ్ళు. తల్లి పోయేటప్పటికి మూడేళ్ళు. తల్లి ఫొటో ఒక్కటి లేదు, జ్ఞాపకం ఒక్కటి లేదు. ఆమె బొమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ పాలిపోయిన ముఖాన్ని చూసి, తొకుజోకి ఒకసారి, కురోసెకి ఒకసారి నడుము వంచి దణ్ణం పెట్టింది. లేచేటప్పటికి కళ్ళనిండా నీళ్ళు.

ఇత్సు అవ్వకి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి ఆ బొమ్మ మీద ఉమ్మేయాలన్నంత కోపం వచ్చింది. కానీ నోరు తెరిస్తే మాట రాలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడకి మాట రాలేదు. ఎందుకంటే ఆ బొమ్మలో మొదటి అబద్ధం ఆవిడదే. మనిషి లేచి, గడ్డిబూట్లు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది.

ఇంటికి వెళ్ళే దారంతా నుయి మాట్లాడుతూనే ఉంది. గుర్రం కళ్ళెం పట్టుకుని మంచుబండి ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి మాట్లాడింది.

"తొకుజో అన్న అలాంటివాడని అనుకోలేదు పెద్దమ్మా. అమ్మ ముఖం గుండ్రంగా ఉంది చూశావా? నాది కోల ముఖం. నాన్న పోలికేమో."

"నాన్నట నాన్న!" అంది ఇత్సు అవ్వ బండి మీంచి.

ఆ నాన్న పేరు తమాయి జింపచి. మొదటి చలికాలం సముద్రపు రేవులో హెర్రింగ్ చేపల పనికి వెళ్ళాడు. అక్కడే ఇంకో ఇల్లు చూసుకుని ఉండిపోయాడు. ఊరి పుట్టినరోజున మొదటి పధ్నాలుగు ఇళ్ళ యజమానుల పేర్లు గుమాస్తా చదువుతాడు. ఒక్కో పేరుకీ ఆ ఇంటివాళ్ళు లేచి "ఉన్నాం" అనాలి. 'తమాయి జింపచి' అనగానే ప్రతి ఏడూ నుయి లేచి "ఉన్నాం" అనేది. పారిపోయినవాడి పేరు ఏటా పిలుస్తారు. ఇక్కడే మట్టిలో కలిసినదాని పేరు ఎవడూ పిలవడు. ఏం న్యాయమో!

తమ పొలం దగ్గరికి వచ్చేటప్పటికి ఇత్సు అవ్వ, "బండాపు" అంది.

పొలం నడుమ మంచులోంచి రెండడుగుల మొద్దు ఒకటి తల పైకెత్తుకుని ఉంది. దాని మీద గడ్డి టోపీ. ఏటా చలికాలం రాగానే ఇత్సు అవ్వ దానికి కొత్త టోపీ కడుతుంది, వానకీ మంచుకీ పుచ్చిపోకుండా. దున్నేటప్పుడు దాని చుట్టూ తిప్పి దున్నిస్తుంది. ఊళ్ళో కుర్రకారు దాన్ని 'ఇత్సు అవ్వ మొగుడు' అంటారు. "అవ్వా, మీ ఆయనకి చలేస్తోందట" అని వేళాకోళమాడితే, "మీ బాబులకన్నా నయంరా, ఇల్లొదిలి ఎక్కడికీ పోడు" అనేది.

"ఇదెవరు నరికారో తెలుసా నీకు?" అంది ఇప్పుడు.

"పెదనాన్న కదూ?"

"మీ పెదనాన్న రైలుకట్ట పనికి పోయాడు. మీ నాన్న చేపలకి పోయాడు. తెచ్చుకున్న గింజలు సగం దారిలోనే అయిపోయాయి మరి, ఏం తింటాం? డిసెంబరు నెల వచ్చేసరికి పధ్నాలుగు ఇళ్ళలో మగవాడంటూ మిగిలింది గిసుకె ఒక్కడు. ఆయన సానుకి నుంచి వేసుకొచ్చిన గడ్డిచెప్పులతోనే మంచులో దిగి, రెండో వారానికే కాలివేళ్ళు నల్లగా మాడగొట్టుకున్నాడు. ఇక లేస్తేనా! మార్చి దాకా పొయ్యి పక్కన బొంతలో పడుకున్నాడు. గంజి పోసింది నేనే, ఆ మాట నిజం. పోసింది ఆయనకి."

నుయి నవ్వబోయింది. పెద్దమ్మ ముఖం చూసి మానేసింది.

"వసంతానికల్లా ఇంత అడవి కొట్టకపోతే భూమి వెనక్కి తీసేసుకుంటామన్నారు సర్కారువాళ్ళు. ఇక మేమే కొట్టాం. ఆడవాళ్ళం. మీ అమ్మ అందరికన్నా ముందుండేది. పుర్రచేతి మనిషి, నీకులాగే. మేం ఒక మాను కొట్టేసరికి అది రెండు కొట్టేది. అయితే మేం సానుకి వాళ్ళం కదే! మంచంటే మాకేం తెలుసు? ఏడాదికోసారి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు పడితేనే పిల్లలు గంతులేసే ఊరు మాది. ఇక్కడ గట్టిగా కాళ్ళకింద నిలిచిన మంచునే నేలనుకున్నాం. దాని మీద నిలబడి, మా ఊళ్ళోలాగే రెండడుగుల ఎత్తున చెట్లు నరికాం. మనకన్నా ముందునుంచీ ఇక్కడుండే ఐను జాతి ముసలాయన ఒకడు ఆ దారినే రోజూ పోయేవాడు. ఒకనాడు ఆగి, కర్ర మంచులోకి గుచ్చి గుచ్చి, కిందికి చూపించి ఏదో చెప్పాడు. చెట్టు అడుగుతున్నాడనుకుని తరిమేశాం, మా తెలివి తెల్లారినట్టే ఉంది! మనిషి అడుగు పడని అడవి అని ఆ బొమ్మ కింద రాశాడు చూశావా ఆ మహానుభావుడు? ఆ ముసలాయన అడుగు కాదా మరి?"

"తర్వాత?"

"తర్వాతేముంది, ఏప్రిల్లో మంచు కరిగింది. కరిగేకొద్దీ మొద్దులు పెరిగాయి. ఎక్కడ చూసినా ఏడడుగుల మొద్దులే. తనిఖీకి వచ్చిన ఆఫీసరు కడుపు పట్టుకుని నవ్వాడు, ఈ అడవిని కొంగలు నరికాయా అని. అందరం సిగ్గుతో చచ్చి, మళ్ళీ మొదట్నించీ నరికాం. ఇదొక్కటి మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు."

ఇత్సు అవ్వ బండి దిగింది. మొద్దు మీది టోపీ విప్పింది.

"ఇది మీ అమ్మ ఆఖరి చెట్టు. ఫిబ్రవరిలో ఒక పొద్దున్న. పడుతూ పడుతూ పక్క మానుకి తగిలి చెట్టు తిరిగింది. మెత్తటి మంచులోంచి కాలు లాక్కోలేకపోయింది తకె. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఉండి ఏం చేశాను? అరిచాను."

నుయి చేతిలో కళ్ళెం జారిపోయింది. గుర్రం ఒకటి రెండు అడుగులు వేసి తనంతట తనే ఆగింది.

"జ్వరమన్నావు," అంది నుయి. "దగ్గూ జ్వరమూ అన్నావు నాతో."

"ఆఫీసరుతో అన్నాను ముందు. ఆ కొత్త సమాధి ఎవరిదని నన్నే అడిగాడు. చెట్టు కింద పడిందంటే, ఆడదెందుకు నరుకుతోంది, మొగుడేడీ అంటాడు. యజమాని ఊళ్ళో లేడని తెలిస్తే ఆ ఇంటి భూమి పోతుంది. ఒక ఇంటిది బయటపడితే పధ్నాలుగిళ్ళదీ బయటపడుతుంది. దగ్గొచ్చి జ్వరమొచ్చి పోయిందన్నాను. గిసుకె కుంటుకుంటూ వచ్చి, అడవంతా మా మగవాళ్ళే కొట్టారన్నాడు. ఆ రాత తడి ఆరకముందే, ఇక ఇదే మాట మీద ఉంటామని అందరం ఒట్టేసుకున్నాం."

"దగ్గు!" అంది నుయి. ఆమె గొంతు మారిపోయింది. "మూడు సంబంధాలు తప్పిపోయాయి నాకు. అది ఛాతీ జబ్బు మనిషి కడుపున పుట్టింది, మన ఇంటికొద్దు అని మొహమ్మీదే అన్నారు. నాకు ఎప్పుడు దగ్గొచ్చినా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసుకునేదాన్ని, నెత్తురు పడిందేమోనని. ముప్పై ఏళ్ళు! ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చుని అన్నం తిని, ఒక్కసారి చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"మొదట భూమి పోతుందని భయం," అంది ఇత్సు అవ్వ. "భూమి మనదయ్యాక ఒట్టు. ఆ తర్వాత... చెప్పనిది అలవాటైపోయింది. తప్పే. నన్నేమన్నా అను."

నుయి గుర్రాన్ని అదిలించి, పెద్దమ్మని పొలంలోనే వదిలేసి ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఇత్సు అవ్వ తొకుజో ఇంటికి వెళ్ళింది. అతను మర్యాదగా టీ పోయించి, ముల్లంగి ఊరగాయ పెట్టించాడు. ఆవిడ ముట్టుకోలేదు.

"ఒరేయ్ తొకుజో, ఆ బొమ్మ మార్పించు."

"ఏం మాటలత్తా! పండగకి జిల్లా నుంచి పెద్దలొస్తున్నారు. వాళ్ళు చూసి మెచ్చుకోవాలి కదా."

"నీకప్పుడు పదేళ్ళు. బాగా గుర్తుండే వయసే. ఆ బొంతలో పడుకున్నదెవరో చెప్పు."

తొకుజో టీ గిన్నెలోకి చూశాడు. "నాన్న పాదాలు బాగాలేవు, నిజమే. ఆయన పడ్డ బాధ..."

"కాలివేళ్ళు పోవడం తప్పు కాదురా! ఆయన్ని నేను తప్పు పట్టలేదు. మంచు మీద చెట్లు నరికిన మేం మాత్రం తెలివైనవాళ్ళమా? ఆయన వెచ్చగా పడుకున్నాడని కూడా నాకు కుళ్ళు లేదు. కానీ ఆయన బొంత తీసి దాని మీద కప్పుతావా? దాని గొడ్డలి తీసి ఆయన చేతిలో పెడతావా? చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, పోనీలే అనుకుందును. చచ్చినదాని కళ్ళు పీకి ఆయనకి అతికించడమేంట్రా?"

"అత్తా, మెల్లగా. పనివాళ్ళు వింటారు."

"విననీ! తకె నిన్నెన్నిసార్లు వీపు మీద మోసిందో వాళ్ళకీ తెలియనీ."

తొకుజో ముఖం ఎర్రబడింది. ఇక అతను మర్యాద వదిలేశాడు. "సరే, రుజువేది? ఊరి పుస్తకంలో జబ్బని ఉంది. చెప్పిందెవరు? నువ్వే. అప్పుడు చెప్పింది అబద్ధమైతే ఇప్పుడు చెప్పేది నిజమని జిల్లావాళ్ళు ఎందుకు నమ్మాలి? పండగలో గొడవ చేశావంటే నవ్వులపాలయ్యేది నువ్వే. ఆ నుయి కూడాను. పాపం ఎంత సంతోషించిందో చూశావుగా. దాని సంతోషం దానికి ఉంచు."

ఇత్సు అవ్వ లేచి వచ్చేసింది. వీధిలో నడుస్తూ పళ్ళు కొరికింది. వాడి మీద కోపం ఒక పాలైతే, వాడన్నదాంట్లో సగం నిజమే కదా అని తన మీద కోపం మూడు పాళ్ళు. దాని సంతోషం దానికి ఉంచాలట! దొంగసొత్తు చేతిలో పెట్టి, పండగ చేసుకో అన్నట్టుంది.

ఇంటికి వచ్చేసరికి నుయి వాకిట్లో కూర్చుని గొడ్డలి నూరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ మొద్దు అమ్మే నరికిందని ఎలా తెలుస్తుంది ఎవరికైనా?"

"పద, చూపిస్తాను" అంది ఇత్సు అవ్వ.

ఇద్దరూ పొలంలోకి నడిచారు. మంచు గడ్డకట్టి మనిషి బరువు మోస్తోంది. ఇత్సు అవ్వ మొద్దు మీద పొడి మంచు చేతులతో తుడిచింది. ముప్పై ఏళ్ళకి బూడిదరంగు తేలిన నారా మాను, ఓక్ జాతి గట్టి కర్ర. అయినా గొడ్డలి గాట్లు స్పష్టంగానే ఉన్నాయి.

"కుడిచేతివాడు కొడితే గాటు ఇటునుంచి వాలుతుంది. ఇవి చూడు. అన్నీ అటునుంచి. పధ్నాలుగిళ్ళలో పుర్రచేతి మనిషి అదొక్కతే. నిల్చుని చూడు."

నుయి నిలబడింది. గొడ్డలి ఎడమచేతి వాటంగా ఎత్తి, కొట్టకుండా, అంచుని మెల్లగా పాత గాటులో ఆనించింది. అచ్చంగా అమరింది. పాదాలు ఎక్కడ పెట్టాలో, నడుము ఎంత వంచాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చిన్నప్పుడు ఎడంచేత్తో తింటోందని ఇరుగూ పొరుగూ కసిరితే, పెద్దమ్మ వాళ్ళ మీద ఎందుకు విరుచుకుపడేదో ఇవాళ తెలిసింది. అలా గొడ్డలి ఆనించి ఉంచి నుయి ఏడ్చింది. నిన్న బడిలో ఏడ్చిన ఏడుపు కాదిది. పళ్ళు బిగపట్టి, కోపంతో ఏడ్చింది.

"నా చేత వాళ్ళకి దణ్ణం పెట్టించారు," అంది. "మా అమ్మని మంచాన పడేసి, నా చేతే దణ్ణం పెట్టించుకున్నారు."

"ఏం చేద్దామంటావు?"

"పార తెచ్చుకో పెద్దమ్మా. దీన్ని నేలదాకా తవ్వుదాం."

మూడు రోజులు తవ్వారు. రెండో రోజుకి మిగతా ముగ్గురు ముసలమ్మలూ కోడళ్ళని వెంటేసుకుని పారలతో వచ్చారు. ఎవరూ పిలవలేదు. "ఒట్టు గిసుకెకి వేశాం, ఆయన చచ్చాడు. ఒట్టూ చచ్చింది" అంది వాళ్ళలో పెద్దది, డెబ్బైనాలుగేళ్ళ మసె. గోతిలోకి దిగడానికి మంచులో మెట్లు చెక్కారు. మూడో రోజు మధ్యాహ్నం చిత్రకారుడు కురోసె, ఊరు చూద్దామని తిరుగుతూ అటు వచ్చాడు.

"ఏం తవ్వుతున్నారమ్మా?"

"మీ బొమ్మలో మొద్దుని," అంది ఇత్సు అవ్వ గోతిలోంచి. "దిగి చూడండి."

కురోసె దిగాడు. మొద్దు పక్కన నిలబడితే దాని తల అతని టోపీ కన్నా జానెడు పైనుంది. చుట్టూ గోడలా మంచు. అతను కిందికీ పైకీ చూశాడు. "ఇంత ఎత్తున ఎలా నరికారు?" అన్నాడు.

ఇత్సు అవ్వ చెప్పింది. మొదటినుంచీ చివరిదాకా, బొంతతో సహా. వింటూ వింటూ అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు గిసుకె గారి ఫొటో ఒకటి ఇచ్చి, ఏమేం ఉండాలో రాసిచ్చారమ్మా. అలాగే వేశాను."

"మమ్మల్ని అడగలేదేం?"

"ఎవర్ని అడగాలో తెలియలేదు."

"నలుగురం బతికే ఉన్నాం కదండీ, ఇదే ఊళ్ళో!" అంది ఇత్సు అవ్వ. "మీ గిసుకె గారి గడ్డంలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టి వేశారే! ఒక్క పూట మా పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే సరిపోయేది."

కురోసె తల వంచుకున్నాడు. "వారంలో అంత బొమ్మ మార్చలేనమ్మా. మార్చమని ఊరిపెద్ద చెప్పడు కూడా" అన్నాడు.

"మీరేం మార్చక్కర్లేదు. పైకెక్కండి, చెక్కలెగురుతాయి" అంది నుయి.

అతను ఎక్కాడు. నుయి నేలబారున మొదటి దెబ్బ వేసింది. నారా కర్ర ఇనుములా ఉంది. సాయంత్రం దాకా ఎవరికీ గొడ్డలి ఇవ్వలేదు. అరచేతులు బొబ్బలెక్కి పగిలితే గుడ్డ చుట్టుకుని కొట్టింది. ఈసారి మాను పడాల్సిన వైపే పడింది.

మార్చి పదో తారీకు పొద్దున్న జిల్లా పెద్దలు హాల్లోకి వచ్చేసరికి బొమ్మ కనిపించలేదు. అంటే, అంచులు కనిపించాయి. సరిగ్గా నడుమ, గోడకి ఆనించి, ఏడడుగుల మొద్దు నిటారుగా నిలబడి ఉంది. పక్కనే ముసలమ్మలు నలుగురు, కోడళ్ళు ఏడుగురు, నుయి. తెల్లవారగానే మంచుబండి మీద తెచ్చి, తాళ్ళు కట్టి దొర్లించి నిలబెట్టారు.

తొకుజో పరుగెత్తుకొచ్చాడు. పెద్దలు చూస్తున్నారని నవ్వుతూనే, పళ్ళ సందునుంచి అన్నాడు. "ఏమిటిది? తీయించండి వెంటనే."

"నువ్వే ఎత్తు," అంది ఇత్సు అవ్వ. "మీ నాన్న నరికిందేగా?"

జిల్లా పెద్దల్లో ఒకాయన ఆసక్తిగా దగ్గరికొచ్చి, ఇదేమిటని అడిగాడు. తొకుజో ఏదో అనబోయాడు. కానీ ఇత్సు అవ్వ గొంతు ముందు ఎవరి గొంతు ఆగుతుంది?

"అయ్యా, ఇది అబద్ధాలాడే దాని సాక్ష్యం. ముప్పై ఏళ్ళ కింద తనిఖీ ఆఫీసరుకి అబద్ధం చెప్పింది నేనే. భూమికోసం చెప్పాను. తమాయి తకె జబ్బుతో పోయిందన్నాను. పోలేదు. ఐదడుగుల మంచు మీద నిలబడి ఈ మాను నరుకుతూ, దీని కింద పడి పోయింది. ఈ లోయలో మొదటి చలికాలం పడ్డ ప్రతి చెట్టూ ఆడవాళ్ళు కొట్టిందే. నా మాట నమ్మకండి. నేను అబద్ధాలకోరుని. ఈ గాట్లు చూడండి. కొంగలు నరికాయా అని నవ్విన మీ ఆఫీసరు రాసిన కాగితం మీ దగ్గరే ఉంటుంది, అది చూడండి. అప్పుడు తేల్చుకోండి."

హాలంతా గుసగుసలు. వెనక నిలబడ్డ కురోసె ముందుకొచ్చి, "ఆ మొద్దు మంచులోంచి తవ్వి తీస్తుంటే నేను చూశాను" అన్నాడు. మెల్లగా అన్నాడు గానీ, అన్నాడు. తొకుజో మొద్దు వైపు చూడకుండా గుమాస్తాతో, "కానివ్వు, పేర్లు చదువు" అన్నాడు. పేర్లు చదివితే అందరూ సర్దుకుని కూర్చుంటారని అతని ఆశ.

గుమాస్తా మొదలుపెట్టాడు. "మనబె గిసుకె."

"ఉన్నాం" అన్నాడు తొకుజో. ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

ఒకటి తర్వాత ఒకటి చదివాడు. ఆరో పేరు, "తమాయి జింపచి."

నుయి కూర్చోలేదు కాబట్టి లేవాల్సిన పని లేకపోయింది. గుడ్డ చుట్టిన ఎడంచెయ్యి మొద్దు మీద వేసి నిలబడి ఉంది.

"లేడు," అంది.

గుమాస్తా తల ఎత్తాడు. ఈ మాటకి ఏం చెయ్యాలో అతని పుస్తకంలో లేదు. మళ్ళీ చదివాడు. "తమాయి జింపచి."

"లేడన్నాను కదయ్యా. ఎప్పుడూ లేడు. మా ఇంటి పేరు సరిగ్గా పిలువు, పలుకుతాను."

గుమాస్తా తొకుజో వైపు చూశాడు. తొకుజో నేల వైపు చూస్తున్నాడు. జిల్లా పెద్ద మొద్దు మీది గాట్లని వేలితో తడుముతున్నాడు. ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి, గుమాస్తా చివరికి ఇత్సు అవ్వ ముఖం చూసి, గొంతు సవరించుకున్నాడు.

"తమాయి... తకె."

"ఉంది" అంది నుయి.

"పుస్తకంలో మార్చమంటారా?" అని అడిగాడు గుమాస్తా, కలం ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటూ.

"మార్చు. జబ్బు అన్నది కొట్టెయ్. చెట్టు నరుకుతూ అని రాయి."

అతను రాస్తున్నంతసేపూ ఇత్సు అవ్వ తల ఎత్తి చూస్తూ ఉండిపోయింది. మొద్దు వెనకాల గిసుకె ముఖమూ, గడ్డమూ, మొద్దు మీద పెట్టిన కాలూ ఏవీ కనిపించడం లేదు. ఆయన ఎత్తిన గొడ్డలి ఒక్కటే, తకె మొద్దుకి పైన కనిపిస్తోంది.